సారీ చెప్పి పట్టుబడ్డవాడు

డెబ్భై రెండేళ్లు వచ్చేదాకా బెరిల్ స్టెబింగ్స్‌కు పైకప్పు లేని విమానం ఎక్కాల్సిన అవసరం రాలేదు. ఎక్కాక ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన, ఇంత చిన్నదా అని. పక్కలు గుడ్డతో కుట్టినవి. చేత్తో తడితే డప్పులా మోగాయి.

"గుడ్డ చిరిగితే?" అని అడిగింది.

"కుట్టుకుంటాం," అన్నాడు వెనక సీట్లోంచి ఐవర్ థాక్రే. అతను ముప్పై అయిదేళ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవులకు వేసిన చేత్తోనే రెక్కలకూ కుట్లు వేస్తాడని లింకన్‌షైర్‌లో అందరికీ తెలుసు.

ఏటా జూన్ రెండో ఆదివారం వాళ్ల క్లబ్బులోని నాలుగు పాత రెండు రెక్కల విమానాలు ఒకప్పటి యుద్ధ విమాన స్థావరం మీదుగా ఎగురుతాయి. అక్కడిప్పుడు బార్లీ పండుతోంది. చేను గట్టున ఒక రాయి, దాని మీద తిరిగి రానివాళ్ల పేర్లు ఉన్నాయి. పదకొండు గంటలకు జనం ఆ రాతి ముందు చేరతారు. అక్కడి నుంచి యుద్ధానికి ఎగిరిన వాళ్లలో ఒకరి కథ ఎవరో ఒకరు చెబుతారు. ఈ ఏడు ఆ వంతు బెరిల్‌ది. కథ చెప్పే మనిషి విమానంలోనే వచ్చి పక్క పచ్చికలో దిగాలని ఐవర్ పట్టుబట్టాడు.

చెప్పాల్సింది వాళ్ల నాన్న విల్ఫ్రెడ్ కథ. బాంబర్ విమానంలో వైర్‌లెస్ చూసేవాడు. విమానం జర్మనీలో కూలి, ఖైదీల శిబిరంలో పడ్డాడు. అక్కడ పెర్సీ అనే స్నేహితుడితో కలిసి, నీలం యూనిఫాంలకు రంగు తెలియకుండా సిరా, బూటు పాలిష్ పట్టించి, డచ్చి కూలీల వేషంలో పారిపోయాడు. మూడు రోజులు పోయాక బాల్టిక్ తీరంలో రేవు ఊరి రైల్వే స్టేషన్‌లో ఒక లావుపాటి ఆవిడ పెట్టె ఆయన మోకాలికి తగిలింది. ఆయన టోపీ తీసి, అచ్చమైన ఇంగ్లీషులో, "సారీ" అన్నాడు. పక్కనే ఇద్దరు పోలీసులు. పది అడుగులు ముందున్న పెర్సీ వెనక్కి తిరక్కుండా నడిచిపోయి, బొగ్గు ఓడలో దాక్కుని స్వీడన్ చేరాడు. విల్ఫ్రెడ్ శిబిరానికి తిరిగి వెళ్లి ఇరవై రోజులు చీకటి గదిలో ఉన్నాడు.

ఈ కథ విని నవ్వని మనిషిని బెరిల్ ఇంతవరకూ చూడలేదు. ఆమె పెళ్లి విందులో కూడా ఎవరో లేచి దాన్నే చెప్పారు.

విమానం లేచింది. గాలి ముఖం మీద తడిగుడ్డతో కొట్టినట్టు కొట్టింది. మబ్బు కిందగా ఉంది. ఆవాల చేలు, చర్చి గోపురాలు, నడుస్తున్న కుక్క, అన్నీ కనిపిస్తుంటే బెరిల్ భయపడటం మరిచిపోయింది. అలా పావుగంట గడిచింది. అప్పుడు ఇంజను దగ్గింది. కాసేపాగి మళ్లీ దగ్గింది.

మాట్లాడుకునే గొట్టంలోంచి ఐవర్ గొంతు వచ్చింది. "బెరిల్, టీ తాగుతావా?"

"ఇప్పుడా?"

"కింద ఎవరో పుణ్యాత్ముడు గడ్డి కోసి నేల చదునుగా ఉంచాడు. మనకోసమే అన్నట్టుంది. దిగుదాం."

అతని గొంతులో తొందర లేదు. అందుకే ఏం జరుగుతోందో ఆమెకు అర్థమయ్యేసరికి కంచె కాళ్ల కింద నుంచి జారిపోయింది, చక్రాలు రెండుసార్లు గెంతాయి, విమానం ఆగింది. ఎక్కడో భరత పక్షి కూస్తోంది.

"బతికున్నావా?" అన్నాడు ఐవర్.

"ఉన్నాను. టీ ఏది?"

టీ కన్నా ముందు ఆవులు వచ్చాయి. గేటు తెరిచి ఉన్న పక్క పొలంలోంచి ముప్పై దాకా ఆవులు వరసగా నడిచి వచ్చి, చుట్టూ నిలబడి చూశాయి. ఒకటి ముందుకొచ్చి విమానం తోకను ప్రేమగా నాకింది.

ఐవర్ కిందికి దూకాడు. "పో, పోవే! ఆ గుడ్డకి పూసే రంగంటే వీటికి ప్రాణం, బెరిల్. వదిలేస్తే సాయంత్రానికి చువ్వలే మిగులుతాయి."

వాటి వెనకే ట్రాక్టర్ మీద డెబ్భై ఏళ్ల మనిషి వచ్చాడు. దిగి, టోపీ వెనక్కి నెట్టుకుని, విమానాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"నేనిక్కడ వేసిన విత్తనం ఇది కాదే," అన్నాడు.

అతని పేరు రాల్ఫ్ ఎంగెల్‌కే. పొలం అతనిదే. ఐవర్ క్లబ్బుకు ఫోన్ చేసి మెకానిక్‌ను పంపమన్నాడు. అప్పటికి పదకొండు కావడానికి నలభై నిమిషాలుంది, రాయి తొమ్మిది మైళ్ల దూరంలో ఉంది.

"ఈమెని అక్కడ దింపుతారాండీ?" అన్నాడు ఐవర్. "నేను కదల్లేను. మీ ఆవులు నా విమానాన్ని తినేస్తాయి."

"అవి నా మాటే వినవు. మీ మాటేం వింటాయి?"

"వాటి అమ్మమ్మలకి పురుడు పోసినవాణ్ణి. వింటాయి."

రాల్ఫ్ వ్యాను గొర్రెల వాసన వేస్తోంది. బెరిల్ విమానంలో పెట్టుకున్న తోలు టోపీ తీయడం కూడా మరిచిపోయి ఎక్కి కూర్చుంది. దారిలో అతను అడిగితే నాన్న కథ చెప్పింది, సాధన చేసినట్టూ ఉంటుందని. సారీ దగ్గరకు వచ్చేసరికి అలవాటు కొద్దీ నవ్వుకోసం ఆగింది. రాల్ఫ్ నవ్వలేదు.

"మా నాన్నా పారిపోయాడండీ," అన్నాడు. "ఆయన జర్మన్, ఇటువైపు ఖైదీ. ఈ జిల్లాలోనే శిబిరం. వానలో మూడు రాత్రులు నడిచి సముద్రం చేరితే, అక్కడ బురద తప్ప ఒక్క పడవ లేదట. ఆకలేసి మా తాతగారి పొలంలో టర్నిప్ దుంపలు పీకుతూ మా అమ్మకి దొరికాడు. మా అమ్మ కుక్కని కట్టేసి సూప్ పోసింది. ఆయన తాగేసి, తనే శిబిరానికి వెళ్లి లొంగిపోయి, పనికి పంపితే ఆ పొలానికే పంపండని అడిగాడు. యుద్ధమయ్యాక వెనక్కి పోలేదు."

"అంటే పారిపోయి వచ్చి అత్తారింట్లో పడ్డారన్నమాట."

ఇప్పుడు నవ్వాడు రాల్ఫ్. "మా అమ్మా అదే అనేది." మలుపు తిప్పాక మళ్లీ అన్నాడు. "ఒక్కటి అడుగుతానండి, ఏమనుకోకండి. పారిపోయేవాడు మూడు రోజులు నోరు కట్టుకుని ఉంటాడు. నిద్రలో కూడా పళ్లు బిగించుకునే పడుకునేవాణ్ణని మా నాన్న చెప్పాడు. మీ నాన్నగారు పోలీసుల పక్కనే నోరు జారడం... వాళ్లు అప్పుడు ఎవరికేసి చూస్తున్నారు?"

అరవై ఏళ్లుగా బెరిల్ విన్న కథలో పోలీసులు ఉండేవాళ్లు, కానీ వాళ్ల చూపు ఎటుందో ఎవరూ అడగలేదు. నాన్న ఒకే ఒక్కసారి అన్నాడు, పెర్సీ యూనిఫాంకి పట్టించిన పాలిష్ ఆ స్టేషన్ చేరేసరికి వానకి కారిపోయి, చొక్కా కాలరు దగ్గర అసలు నీలం బయటపడిందని. దాన్ని కూడా ఒక జోకులాగే చెప్పాడు.

పెర్సీ తర్వాత లీడ్స్‌లో బేకరీ పెట్టాడు. ఏటా మార్చిలో, ఆ స్టేషన్ సంగతి జరిగిన రోజుకు, కేకు పట్టుకుని వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి విల్ఫ్రెడ్ చేతిలో పెట్టి, "నీ పాడు నోటికి," అనేవాడు. "నా నోరంతే," అనేవాడు నాన్న. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేవాళ్లు. పెద్దవాళ్ల పిచ్చి అనుకుని ఆమె కేకు మీద పడేది.

వ్యాను ఆగింది. జనం రాతి ముందు నిలబడి ఉన్నారు. రాల్ఫ్ స్టీరింగు వదల్లేదు.

"మీరు వెళ్లండి. నేనిక్కడే ఉంటా. మా నాన్న అవతలి పక్షం కదా."

"అవతలి పక్షంవాళ్లు మా నాన్నకి చీకటి గదిచ్చారు. మా పక్షంవాళ్లు మీ నాన్నకి పెళ్లాన్నిచ్చారు," అంది బెరిల్. "ఇందులో మొహమాటపడాల్సింది మీరా? దిగండి."

అతను దిగాడు, టోపీ చేతిలోకి తీసుకుని.

మూడు విమానాలు తలల మీదుగా వెళ్లాయి. నాలుగోదాని చోటు ఖాళీగా వదిలి ఎగిరాయి. తర్వాత బెరిల్ కథ చెప్పింది. సారీ దగ్గర అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా చూసి, వ్యానులో తనను అడిగిన ప్రశ్న చెప్పింది. వానకి కారిన పాలిష్ సంగతి చెప్పింది. కేకు సంగతి చెప్పింది.

"అది నోరు జారడమో, పోలీసుల చూపు పెర్సీ మీంచి తన మీదికి తిప్పుకోవడమో నాకు తెలీదు," అంది. "అడగడానికి ఇద్దరూ లేరు. ఇన్నేళ్లూ నవ్వించి మా నాన్న నాకు కూడా దొరక్కుండా పారిపోయాడని మాత్రం అనిపిస్తోంది."

ముందు వరసలో ఒకాయన ముక్కు చీదుకున్నాడు. ఆ తర్వాత టీ, సాసేజ్ రొట్టెలు వచ్చాయి. టీ దగ్గర ముగ్గురు రాల్ఫ్ చుట్టూ చేరి వాళ్ల నాన్న టర్నిప్ కథ మళ్లీ చెప్పించుకున్నారు.

మధ్యాహ్నం వాళ్లు పొలానికి వెళ్లేసరికి ఐవర్ కోటు తిప్పుతూ ఆవులతో యుద్ధం చేస్తున్నాడు. తోక మీద చెయ్యంత మేర రంగు పోయింది. ఎండాకాలమైనా చెమ్మ గాలికి ఇంజను గాలి పీల్చే దారిలో మంచు కట్టిందని, అది కరిగిపోయిందని, ఇప్పుడంతా బాగుందని మెకానిక్ చెప్పాడు.

"నా కారుంది, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు మెకానిక్ బెరిల్‌తో.

ఆమె తోలు టోపీ పట్టీ బిగించుకుంటూ, "నువ్వా విమానం పంకా తిప్పు నాయనా," అంది.

రాల్ఫ్ ఆవుల్ని అవతలి పొలంలోకి తోలి గేటు వేశాడు. కోసిన గడ్డి మీదుగా పరుగెత్తి విమానం లేచింది. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. కాస్త ఎత్తుకు వెళ్లాక గొట్టంలోంచి ఐవర్ అన్నాడు, "ముందున్న కర్ర పట్టుకో. గట్టిగా కాదు, పిల్లికూనని పట్టుకున్నట్టు. నేను చేతులు తీసేశా."

బెరిల్ కర్రను ఎడమకు కొద్దిగా ఒంచింది. లింకన్‌షైర్ మొత్తం మెల్లగా పక్కకు వాలింది. ఆమె గట్టిగా నవ్వింది. గాలి ఆ నవ్వును పట్టుకుపోయింది.

"ఇల్లు అటు కాదు, బెరిల్."

"పెట్రోలుందా?"

"ఇంకో గంటకుంది."

"అయితే ఇంకో చుట్టు," అంది ఆమె.