దిష్టి గుడ్డు

గుడ్డు ఎనిమిది రూపాయలైన నెలలోనే మా ఎల్లారెడ్డిలో ఉన్నట్టుండి భక్తి పెరిగింది.

ఐదు రూపాయలున్నప్పుడు ఏ వారమని చూడకుండా రెండేసి మింగిన వాళ్ళు, ఇప్పుడు సోమవారం శివుడికి, గురువారం బాబాకు, శనివారం వెంకన్నకు అని రోజులు పంచేశారు. మా కోడలు నవత అయితే కార్తీక మాసపు నియమాన్ని మార్గశిరంలోకి సాగదీసింది.

"ఇంకో నెల ఉంటే పుణ్యమట అత్తమ్మా."

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరంటుండ్రు."

అందరూ అంటే, కిరాణా కొట్టు ముందు నిలబడి ట్రే ధర అడిగి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్న వాళ్ళు. గుడ్డు భారమైందని ఒక్కరూ అనరు. మొక్కు ఉందంటారు. మూడెకరాల వరి, సొంత ట్రాలీ ఆటో ఉన్న ఇంటికి గుడ్డు భారమా అంటే, అవును, భారమే. పెద్ద ఫోను భారం కాదు, దాని మీద వేసిన అద్దం భారం కాదు, మనవడి బైకు కిస్తీ భారం కాదు. కోడి కడుపులోంచి వచ్చేదే మా వాళ్ళ నడుం విరగ్గొడుతుంది.

నవత ఉడికిన గుడ్డును కుట్టుదారంతో కోస్తుంది. కత్తితో కోస్తే పచ్చసొన అంటుకుని దండగ అవుతుందట. ఇదివరకు మగవాళ్ళకు నిండు గుడ్డు, ఆడవాళ్ళకు సగం పడేది. అదీ రెండు రోజులకోసారి. ధర పెరిగాక అది వారానికోసారైంది. మిగతా రోజుల్లో పొరటు చేస్తుంది. ఆరు ఉల్లిగడ్డలకు రెండు గుడ్లు. గిన్నెలో గుడ్డు ఎక్కడుందో దీపం పెట్టి వెతకాలి. "పొరటు కమ్మగున్నది" అని నా కొడుకు మహేందర్ మెచ్చుకుంటూ లేస్తాడు. సగం అన్నం వదిలేసి, "ఆకలైతలేదు" అంటాడు. పొద్దున్నుంచి కామారెడ్డి మార్కెట్టుకు కూరగాయలు తోలి వచ్చిన మనిషికి ఆకలి కాకపోవడమేమిటో, మీసాల దగ్గర మిరియాల వాసనేమిటో నాకు తెలియదనుకుంటాడు.

ధర తగలనిది మనవడు రాకేష్‌ ఒక్కడికే. డిగ్రీ అయిపోయింది. పోలీసు ఉద్యోగం చేస్తానంటాడు. ఇంతవరకు ఒక్క దరఖాస్తు పెట్టలేదు. జిమ్ముకు మాత్రం రోజూ వెళతాడు. రోజుకు నాలుగు గుడ్లు ఉడికించుకుని, తెల్లసొన తిని, పచ్చసొన గేటు బయట పడేస్తాడు. అది తింటే కొవ్వు పడుతుందట. మా వీధి కుక్క మా ఇంట్లో ఆడవాళ్ళందరికంటే బాగా నిగనిగలాడుతోంది.

అసలు గుడ్డు కావాల్సింది మనవరాలు ప్రవళికకు. తొమ్మిదో తరగతి. పరుగులో ఆ పిల్ల ముందు మగపిల్లలు కూడా ఆగరు. బడిలో ఆటలు నేర్పే స్వాతి మేడం ఒకరోజు ఇంటికి వచ్చి చెప్పింది. జనవరిలో కామారెడ్డిలో ఎంపిక ఉంది. ఎనిమిది వందల మీటర్లు. నెగ్గితే హైదరాబాద్‌లో ఆటల హాస్టల్లో సీటు, తిండి, చదువు అన్నీ వాళ్ళే చూస్తారు. "పిల్లకు రక్తం తక్కువుంది. రోజుకు రెండు గుడ్లు పెట్టండి" అంది. నవత తల ఊపింది. మహేందర్ ఇంకా గట్టిగా తల ఊపాడు. మేడం వీధి మలుపు తిరగ్గానే ఇద్దరి తలలూ ఆగిపోయాయి.

"ఆడివిల్లకు గన్ని గుడ్లు వేడి చేస్తయి" అంది నవత.

"ధర తగ్గినంక చూద్దాం" అన్నాడు మహేందర్.

అన్న పారేసే పచ్చసొనైనా తినవే అని నేనంటే, ప్రవళిక నా వైపు కళ్ళెర్ర చేసి చూసింది. "వాడు పారేసింది నేనెందుకు తింట? నేనేమన్న కుక్కనా?"

ఇంత పిసినారి ఇంట్లో వారానికి రెండు గుడ్లకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. అవి నా గుడ్లు. మంగళవారం, ఆదివారం దీపాలు పెట్టే వేళకు నలుగురినీ వరండాలో కూర్చోబెట్టి, గుడ్డుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, అందరి చుట్టూ తిప్పి దిష్టి తీస్తాను. దాన్ని మూడు బాటల కాడ పగలగొట్టి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కోవాలి. నా మోకాళ్ళు బాగా లేవు కాబట్టి ఆ పని ప్రవళికది.

నా భయం నాది. మా ఆయన ఒక పొద్దున కామారెడ్డికి వడ్లు తీసుకుని వెళ్ళారు. సాయంత్రం తెల్లగుడ్డ కప్పుకుని తిరిగి వచ్చారు. మా తమ్ముడు మస్కట్ విమానం ఎక్కుతూ చెయ్యి ఊపాడు. ఆ చెయ్యే కడసారి. ఆ రెండు వారాల్లోనూ నేను దిష్టి తీయలేదు. అప్పటినుంచి ఒక్క వారం తప్పలేదు. మహేందర్ రోజూ అదే బాటలో ఆటో తోలుతాడు. పిల్ల తినే గుడ్డుకు లెక్కలు చెప్పే మనిషి, దిష్టి గుడ్డు అనగానే మారుమాట లేకుండా డబ్బులు తీసి ఇస్తాడు.

ఒక బుధవారం పొద్దున బీపీ గోలీలకని వెళుతూ మూడు బాటల దగ్గర ఆగాను. ఎవరిదో కోసిన నిమ్మకాయ ఉంది. ఎవరిదో గుడ్డు మట్టిలో ఎండి పసుపుపచ్చని మరకై ఉంది. పసుపు రాసిన మా గుడ్డు పెంకు మాత్రం ఎక్కడా లేదు. అటు వెతికాను, ఇటు వెతికాను. పగలని దిష్టి ఎవరి మీద పడి ఉంటుంది?

ఆదివారం దిష్టి కాగానే మహేందర్ ఆటో తీసుకుని వెళ్ళాడు. బాగా చీకటి పడ్డాక గుడ్డు పిల్ల చేతిలో పెట్టి, కాస్త ఆగి నేనూ వెనకే నడిచాను. ప్రవళిక మూడు బాటలు దాటింది. ఆగలేదు. నేరుగా బస్టాండు వైపు వెళ్ళి భీమేష్ ఆమ్లెట్ బండి ముందు నిలబడింది. భీమేష్ నవ్వుతూ గుడ్డు అందుకుని, తడిబట్టతో కుంకుమ తుడిచి, పెనం అంచుకు కొట్టాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"రా అవ్వా, కూసో. మీ పిల్ల దగ్గర నేను పైసలు తీసుకుంటలేను. గుడ్డు ఆమెది, ఉల్లిగడ్డ నాది."

"అది దిష్టి గుడ్డురా!"

"ఎరికేనవ్వా. ఉప్పు, కారం, మిరియాలు పడ్డంక దిష్టి ఆగుతదా? ఎన్నడో పారిపోయి ఉంటది."

అప్పుడు బండి వెనక బల్ల మీద ఎవరో దగ్గారు. చూస్తే నా కొడుకు. ముందు రెండు ఖాళీ ప్లేట్లు.

"గిప్పుడే వచ్చిన అమ్మా" అన్నాడు మహేందర్, నోట్లోది మింగి.

"రెండు పళ్ళాలు ఎవరివి?"

"ఒకటి ఇంతకుముందు ఎవలో తిన్నరు."

"గదేందన్నా, రెండూ నీయే గదా" అన్నాడు భీమేష్. "రోజు డబలే తింటడవ్వా. పాపం, ఇంట్ల పెడతలేరట."

తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. ఎన్ని ఆదివారాల నుంచి ఇలా ఒకరికొకరు కనబడనట్టు పక్కపక్కనే తింటున్నారో అర్థమైంది. గుడ్డు ధర తగ్గాక చూద్దామన్న పెద్దమనిషి, కూతురు దిష్టి గుడ్డు తింటుంటే చూస్తూ డబల్ ఆమ్లెట్ నమిలాడు. ఇద్దరూ నాకు భయపడ్డారు. ఒకరి ముఖం చూసి ఒకరు సిగ్గుపడలేదు.

పిల్లను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కొచ్చాను. "ఎన్నడి సంది?"

"దసరా అయిన సంది."

"ఇంటిల్లిపాది దిష్టి మింగినవే!"

"మింగితే ఏమైందవ్వా? బాపు కామారెడ్డికి పోతుండు, వస్తుండు. అన్న జిమ్ముకు పోతుండు, వస్తుండు. నాకు పరుగుల ఆరు సెకండ్లు తగ్గినయి."

"పచ్చసొన తినమంటే కుక్కనా అన్నవ్. పారేసిన గుడ్డు ఎట్ల తిన్నవే మరి?"

"వాడు నాకోసం పారేస్తలేడు. నువ్వు నా తల సుట్టు తిప్పినవ్ గదా." అని, మళ్ళీ తనే అడిగింది. "అవ్వా, నీ పళ్ళెంల సగం గుడ్డు పడతది. ఒక్కనాడన్న నాకేసినవా?"

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చున్నాను.

కోడల్ని తప్పుపట్టాను, కొడుకుని తప్పుపట్టాను, మనవడి తెల్లసొన సంగతి వీధి వీధంతా చెప్పి నవ్వాను. నా సగం గుడ్డు మాత్రం పడ్డ ప్రతిసారీ నా కడుపులోకే వెళ్ళింది. పళ్ళు లేకపోయినా చప్పరించి మరీ తిన్నాను. ఆకలై కాదు. పిల్ల తింటే పరుగెడుతుంది. పరుగెడితే నెగ్గుతుంది. నెగ్గితే హైదరాబాద్ బస్సు ఎక్కుతుంది. చెయ్యి ఊపుతుంది. ఇంట్లో అందరూ డబ్బు కోసం పిల్ల తిండి మీద కొట్టారు. నేను మాత్రం ప్రేమ అనుకుంటూ కొట్టాను. నలుగురిలోనూ నేనే నీచం.

మంగళవారం వచ్చింది. దిష్టి మానడానికి ధైర్యం చాల్లేదు. నలుగురినీ కూర్చోబెట్టి గుడ్డు తిప్పాను. తర్వాత ఆ గుడ్డును పిల్ల చేతికివ్వకుండా పొయ్యి మీద ఉడకబెట్టాను.

"అత్తమ్మా, దిష్టి తీసినదాన్ని ఇంట్ల తింటరా!" నవత గుండెలు బాదుకుంది.

"నీకు మార్గశిరం గదా. నువ్వు తినకు."

పెంకు ఒలిచి విడిగా పెట్టాను. ఉప్పు చల్లి గుడ్డు ప్రవళిక నోట్లో పెట్టాను. దిష్టి పట్టేది పైపెంకుకే అని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను. ఆ పెంకులు కొంగున కట్టుకుని, మోకాళ్ళ సంగతి మరిచి, మూడు బాటల కాడ పడేసి వచ్చాను. మర్నాటినుంచి నా సగం గుడ్డు కూడా పిల్ల పళ్ళెంలోకి మారింది. మహేందర్‌కు చెప్పాను: "రోజు రెండు గుడ్లు తెస్తవా, లేకుంటే భీమేష్ బండి కాడి ముచ్చట నవతకు చెప్పాల్నా?" ఆ సాయంత్రమే ట్రే వచ్చింది.

జనవరిలో కామారెడ్డిలో ప్రవళిక రెండో స్థానంలో వచ్చింది. ముగ్గురిని తీసుకున్నారు. ఇక మా ఇంటి సంబరం చూడాలి. "మా రక్తమే గసొంటిది" అన్నాడు మహేందర్, ఊరంతా తిరిగి. రాకేష్ చెల్లెలి మెడలోని పతకం తన మెడలో వేసుకుని ఫోటో దిగాడు. నవత ఇరుగుపొరుగును పిలిచి, "మేము రోజు రెండు గుడ్లు తప్పనియ్యలే" అని చెప్పుకుంది. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాను. గుడ్డు ధర తగ్గిందని రాశారు. ఊళ్ళో సోమవారాలు, గురువారాలు కూడా తగ్గాయి.

జూన్‌లో పిల్ల హాస్టల్‌కు బయలుదేరింది. స్వాతి మేడం హైదరాబాద్ దాకా వెంట వస్తానంది. పొద్దున్నే లేచి, గుడ్డు తిప్పి, ఉడకబెట్టి, ఒలిచి పెట్టాను. ప్రవళిక బస్సు మెట్టు మీద నిలబడి నమిలింది.

"అవ్వా, అక్కడ రోజు రెండు పెడతరట."

"పెడతరు. పచ్చసొన పారేసినవంటే వచ్చి కొడత."

"ఒక్కదాన్నే తినాల్నా ఏందవ్వా, భయమైతుంది."

"నీ పళ్ళెంల పడ్డది ఎవలకూ ఇయ్యకు. గంతే."

పెంకులు కొంగున కట్టుకున్నాను. బస్టాండు నుంచి మూడు బాటలు నాలుగు అడుగులే. పెంకులు అక్కడ వేసేసరికి వెనక బస్సు హారను కొట్టింది. చెయ్యి ఊపుతూనే ఉంటుంది, నాకు తెలుసు. దిష్టి పెంకు పారేసిన మనిషి వెనక్కి చూడకూడదు. నేను చూడలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను.