అరిగిపోయిన చోట్లు

ఆసుపత్రిలో కన్నుమూసే ముందు భానుశ్రీ తన తండ్రి జనార్దనరావుకు పంపిన మెసేజ్ "నాన్నా, నాకు" దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత "భయం లేదు" అని ఉందని అతను భార్య పార్వతికి చెప్పాడు.

నెల తర్వాత, యూనివర్సిటీ దగ్గరి మునిర్కాలో కూతురి అద్దె గది ఖాళీ చేస్తూ, పరిశోధన కోసం ఆమె రాసుకున్న పాత శాసనాల నోటుబుక్కు తెరిచాడు. పంక్తుల మధ్య అక్కడక్కడా చుక్కలున్నాయి.

"ఈ చుక్కలేంటమ్మా?"

"రాయి అరిగిపోయిన చోట్లు, అంకుల్," అంది అదే గదిలో ఉండే ప్రత్యూష. "అక్కడేముందో నేను ఊహించి చెప్తే, రాతి మీద లేనిది నీ ఇష్టమొచ్చినట్టు చదవకే అని తిట్టేది."

సాయంత్రం పార్వతి ఫోన్ చేసింది. "ఆ మెసేజ్ ఇంకోసారి చదవండి."

"నాన్నా, నాకు..."

"ఊఁ, తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు పార్వతీ. మిగతాది నేను కల్పించాను."



"అయితే పిల్ల భయపడిందా అండీ?"

"నాన్నా, నాకు," అని ఉన్నంతవరకే అతను మళ్లీ చదివాడు.