పోపుదే తప్పనుకున్నాను

మా ఆవిడ ఉమాదేవి ముందు నేను పళ్లెం పెట్టడమే ఆలస్యం, కడుపులో తిప్పుతోందంటూ లేచి వెళ్లి కక్కుకునేది. కీమో అంటే అలాగే ఉంటుందని అందరూ చెప్పారు, ఒప్పుకున్నాను. కానీ విశాఖపట్నం డాక్టరు బరువు చూసి, ఇంకా తగ్గితే తర్వాతి కీమో ఇవ్వలేనన్నాక నాకు పిచ్చెక్కింది. తినకపోతే మందు లేదు. ఇంత చిన్న విషయం ఈ మనిషి కడుపుకి ఎందుకు అర్థం కాదు?

ముందు పోపును అనుమానించాను. ఇంగువ మానేశాను, వెల్లుల్లి మానేశాను, అనకాపల్లి బజారులో దొరికే నూనెలన్నీ మార్చి చూశాను. పక్కింటి పావని చేపలు వేయిస్తుంటే గోడమీంచి కేకలేశాను. ఆవిడ మొహం మాడ్చుకుని తలుపేసుకుంది. ఆఖరికి దేవుడి దగ్గర అగరొత్తులు కూడా ఆపేశాను. అయినా ముద్ద దిగలేదు.

నేను పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. ఆసుపత్రిలో అది ఊదనివ్వరు కదా. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ మందు బొట్లు బొట్లుగా ఆమె ఒంట్లోకి దిగుతుంటే చూడలేక, పెదాలు మూసుకుని ఏదో కూనిరాగం తీసేవాణ్ని. అది ఏ పాటా కాదు, ఆ వార్డులోనే పుట్టింది. అదే లేకపోతే అక్కణ్నించి పారిపోయేవాణ్ని. ఇంటికొచ్చినా అది నన్ను వదల్లేదు. బియ్యం కడిగినా, అన్నం వడ్డించినా నోట్లో అదే ఆడేది. నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

మొన్న సబ్బవరంలో పెళ్లికి వాయించడానికి వెళ్తూ, ఉమకి తోడుగా వాళ్లక్క తలుపులమ్మను నాతవరం నుంచి రప్పించాను. తిరిగొచ్చేసరికి ఆవిడ గిన్నెలు తోముతోంది.

"తిన్నాదా వదినా?"

"సుబ్బరంగా తిన్నాది. మళ్లీ ఏయించుకుంది."

"ఏటి పెట్టేవు?"

"పప్పూ, వంకాయ ఏపుడూ. ఎల్లుల్లి దండిగా ఏసి పోపెట్టేను."

నా ఒళ్లు మండిపోయింది. సరాసరి ఉమ మంచం దగ్గరికి వెళ్లాను.

"మీ అక్క వంకాయ దిగుతాది, నా చారన్నం దిగదా? నీ కోసం ఊరందరితోటీ తగువులాడేను. నా వంట అంత చేదా?"

ఉమ గోడవైపు తిరిగింది. "వంట కాదు బావా."

"మరేటి?"

"వడ్డించినప్పుడు నువ్వు తీత్తావే, ఆ రాగం. అది ఇనపడితే సాలు, ఆ సూదీ, ఆ మందూ అన్నీ గుర్తొచ్చేత్తాయి. కడుపు ఆగదు."

"ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు?"

"నీకదొక్కటేగా ఉంది."

నాకు ధైర్యం మిగలాలని ఈ మనిషి తన మందునే పోగొట్టుకోబోయింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆమె మీద చెప్పలేనంత కోపమొచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువొచ్చింది.

మర్నాడు వదిన ఊరెళ్లిపోయింది. మధ్యాహ్నం నేనే వడ్డించాను, పెదాలు బిగించుకుని. నోరు మూసుకోవడం అంత కష్టమని అప్పటిదాకా తెలీదు. ఉమ నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది.

"నీ మొకం సూత్తంటే దిగడం లేదు. బైటికెల్లి పాడుకో."

"పాడను. సచ్చినా పాడను."

"పాడు బావా. నువ్వు కూలబడిపోతే నన్ను ఆసుపత్రికి తీసుకెల్లేదెవరు?"

విసురుగా లేచి వీధిలోకి వెళ్లాను. ప్రహరీ గోడకి ఆనుకుని మొదలుపెట్టాను. కోపంతో శ్రుతి తప్పింది, మళ్లీ మొదలుపెట్టాను. లోపల ఉమ మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచింది. నా గొంతు వినపడకుండా కిటికీ రెక్కలు మూసింది. మళ్లీ వెళ్లి పళ్లెం ముందు కూర్చుని, ముద్ద కలుపుకోవడం కిటికీ అద్దంలోంచి కనిపించింది. నేను పాడుతూనే ఉన్నాను.