కూర్చున్న ఎలుగుబంటి

పుస్తకాల షాపులో నాకు కాలు నిలవలేదు. సోమవారం నుంచి పాపను డేకేర్‌లో దించాలి. పాటీ మీద కూర్చుని దొడ్డికెళ్లడం అలవాటు కాని పిల్లల్ని వాళ్లు గుమ్మం తొక్కనివ్వరు. అది నేర్పే బొమ్మల పుస్తకాలు తిరగేస్తే, ఒకదాంట్లో బొమ్మలు చిన్నవి, ఇంకోదాంట్లో నీతులెక్కువ. చివరికి అట్ట మీద పాటీలో కూర్చుని నవ్వుతున్న ఎలుగుబంటిని చూసి కొనేశాను.

పాప ఆ పుస్తకాన్ని చంకలోంచి దించదు. పని మాత్రం కర్టెన్ వెనకే కానిస్తుంది. ఆదివారం మళ్లీ నేల తుడుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"పాటీ మీద కూర్చోవడానికి నీకేం రోగమే?"

"ఎలుగు కూచుందిగా. అది లేచాక నేను."

"ఆ మర్యాద నేర్పింది నువ్వేగా!" అంది అత్తయ్య నవ్వాపుకుంటూ.

నిజమే. మాది ఒకే బాత్రూమ్ ఉన్న ఇల్లు. లోపల ఎవరైనా ఉంటే ఆగాలని రోజూ చెప్పేది నేనే.

"ఇదిగో, ఇప్పుడే లేస్తుంది చూడు" అంటూ గబగబా పేజీలు తిప్పాను. ఎలుగు పాడింది, పళ్లికిలించింది. చివరి పేజీలో పాటీ మీదే గుర్రుపెట్టి నిద్రపోతోంది.

పాప పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్! లేపకమ్మా" అని, కాళ్లు దగ్గరగా పెట్టుకుంటూ కర్టెన్ వైపు నడిచింది.