చదవకుండా వదిలిన పేర్లు

సాయి సుధకి పని నేర్పినవాడు హనుమంతరావు. నేర్పడమే ఆయన తప్పని లోకం అనొచ్చు గానీ, నేర్చుకున్నవాళ్ల బుద్ధి గడ్డి తింటే గురువేం చేస్తాడు?

బాపట్ల నుంచి కర్లపాలెం వెళ్లే దారిలో కొత్తగా వెలిసిన ఇంజినీరింగ్ కాలేజీ అది. అక్కడి కంప్యూటర్ ల్యాబుకి ఆయనే దిక్కు. ముప్ఫై కంప్యూటర్లకీ సొంత డిస్కులు లేవు. మూలనున్న లినక్స్ సర్వర్ లేస్తే అవీ లేస్తాయి, అది పడుకుంటే అవీ పడుకుంటాయి. ఒక్కడివల్ల కావడం లేదని ప్రిన్సిపాల్ ఉమామహేశ్వరరావు చుట్టూ ఏడాది తిరిగి, అసిస్టెంటు పోస్టు వేయించుకుని, తెనాలి పిల్ల సుధని ఆయనే పెట్టించాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే పాసింజరెక్కేవాళ్లు. తెనాలిలో ఆమె ఇంటికి పోయేది, ఆయన రేపల్లె బండికి మారేవాడు. దారి పొడుగునా పాఠాలే.

"సర్వర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం మూటే ప్యాకేజీ. ఏదీ ఒంటరిగా ఉండదమ్మా. ఒకటి ఇంకోదాని మీద ఆనుకుని ఉంటుంది. కిందది లాగితే పైవన్నీ పడతాయి. ఏవేం పడతాయో మిషనే ముందు చెబుతుంది. చదివాకే కొట్టాలి."

ఆయనకి దగ్గర చూపు తగ్గింది. అందుకని ఓ పద్ధతి పెట్టుకున్నారు. తెర మీది పేర్లు ఆమె పైకి చదవాలి, ఆయన ఏ బల్ల కిందో వైర్లు బిగిస్తూ విని "కొట్టమ్మా" అనాలి. అప్పుడు ఆమె అవునని చెప్పే వై అక్షరం నొక్కుతుంది. కళ్లు ఆమెవి, మాట ఆయనది.

2007 వేసవిలో పర్మనెంట్ పోస్టు ఒకటి వచ్చింది. ఒక్కటే. అది హనుమంతరావుకేనని అటెండర్ ఏసుపాదంతో సహా అందరికీ తెలుసు. సుధకి మాత్రం మింగుడు పడలేదు. తెల్లారితే కీబోర్డు ముందు కూర్చునేది తను, పోస్టు ఆయనకా? అది అసూయే, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

ప్రాక్టికల్ పరీక్షల రోజు పొద్దున సర్వర్ మొండికేసింది. ముందురోజు పెట్టిన కొత్త కెర్నెల్ సగంలో ఆగిపోయింది. కెర్నెల్ అంటే సర్వర్‌కి ప్రాణం. అది లేకపోతే పెట్టె లేవదు. దాన్ని సిద్ధం చేసే పనిముట్టు పాడయింది. అది బాగుపడితే గానీ పరీక్షకి కావలసిన ప్యాకేజీ ఎక్కదు.

"పనిముట్టు తీసేసి మళ్లీ పెడదాం. ఏమేం పోతాయంటోందో చదువమ్మా," అన్నాడు హనుమంతరావు బల్ల కింద నుంచి.

తెర మీద మూడు పేర్లున్నాయి. పనిముట్టు, కొత్త కెర్నెల్, ఇలాంటి రోజు కోసమే ఆయన దాచుకున్న పాత కెర్నెల్. పనిముట్టుతో పాటు రెండూ పోతాయి. సుధ మొదటి పేరు పైకి చదివింది. మిగతా రెండూ మనసులో చదువుకుంది.

"ఇదొక్కటేనండి."

"కొట్టమ్మా."

కొట్టింది. నడుస్తున్న కెర్నెల్‌నే తీసేస్తున్నావు, ఆపమంటావా అని మిషన్ ఇంకోసారి అడిగింది. మిషన్‌కున్నపాటి దయ ఆ పిల్లకి లేకపోయింది. ఆపొద్దని కొట్టింది.

ఆయన పనిముట్టు మళ్లీ పెట్టించి, కావలసిన ప్యాకేజీ ఎక్కించి, సర్వర్‌ని ఆపి లేపాడు. లేవలేదు. ముప్ఫై తెరలూ నల్లగా నిలబడ్డాయి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. హనుమంతరావు చెమటలు కక్కుతూ, సర్వర్‌ని మళ్లీ లేపే సీడీ కోసం బీరువా వెతుకుతుంటే, ఆ ఎగ్జామినర్ ల్యాబు పనికిరాదని రాసిపెట్టి పోయాడు.

"ఎవరు కొట్టారయ్యా?" అని ప్రిన్సిపాల్ గద్దించాడు.

"నేనే కొట్టించానండి. ఈ అమ్మాయికేం సంబంధం లేదు."

ఆ పూటే ఆయన్ని పొమ్మన్నారు. సుధ తల వంచుకుని నిలబడింది గానీ, లోపల పెళ్లిబాజాలు మోగుతున్నాయి.

రైల్లో ఆయన ఒకే మాట అడిగాడు. "ఆ కెర్నెళ్ల పేర్లు కనపడలేదా అమ్మా?"

"తెర పైకి జరిగిపోయాయండి."

"పోన్లే. కంగారులో ఎవరికైనా అవుతుంది."

వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ సుధని పిలిచాడు. పర్మనెంట్ ఆర్డరే అనుకుని కొత్త చీర కట్టుకెళ్లింది.

"ల్యాబు గుంటూరు కంపెనీకి అప్పగించేశాం. పర్మనెంట్ పోస్టు రద్దు," అన్నాడాయన టీ తాగుతూ. "నీది ఆయనకి అసిస్టెంటుగా వేసిన పోస్టు. ఆయనే లేనప్పుడు అసిస్టెంటేంటమ్మా?"

ఒకదాని కోసం వచ్చిన ప్యాకేజీ, అది పోయాక ఊరికే మిగిలితే, ఇక అక్కర్లేదంటుంది మిషన్. ఇదీ ఆయన రైల్లో చెప్పిందే. సుధకి ఏడుపొచ్చింది. తన మీద తనకే.

తెనాలి ప్లాట్‌ఫారం మీద హనుమంతరావు ఎదురయ్యాడు. గడ్డం మాసి ఉంది. ఉద్యోగం కోసం ఊళ్లన్నీ తిరుగుతున్నాడు.

"నీ పేరు చెప్పుంటే ఇద్దరం పోయేవాళ్లం. నువ్వన్నా నిలబడ్డావు, నాకదే చాలు." ఆయన కళ్లు చెమర్చాయి. "ఒక్క సాయం చెయ్యమ్మా. అనుభవం సర్టిఫికెట్ లేందే ఎక్కడా తీసుకోవడం లేదు. నేనడిగితే ప్రిన్సిపాల్ గారు మొహం చూడరు. నీ మాటైతే వింటారు."

నిజం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఉద్యోగం పోయిందంటే ఎందుకు పోయిందో చెప్పాలి.

"ఇప్పిస్తానండి. ఇంటికి పంపిస్తాను," అంది.

ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి రేపల్లె బండెక్కాడు. సర్టిఫికెట్ పోస్టులో వస్తుందని ఆ వానాకాలమంతా ఇంకెక్కడా అడక్కుండా ఇంట్లోనే కూర్చున్నాడు.