కుడివైపు రేకు

నన్ను తెలివైనవాడిగా లెక్కవేసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను నా తోడల్లుడు. పళ్ళ సెట్లు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, క్లినిక్ వెనక గదిలో కూర్చుని, ఆ అచ్చుకు సరిపోయేలా పళ్ళు పేర్చి అరగదీస్తాడు. అతని మెప్పు లేకపోతే నాకు వారం గడవదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అతన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇలాంటివాడి మెప్పు మీదా నేను బతుకుతున్నది?

నాది కంప్యూటర్ల రిపేరు షాపు. ఇరవై రెండేళ్ళుగా క్యాబినెట్లు విప్పుతున్నాను. ఒక్కోదాంట్లో పిడికెడు దుమ్ము, రెండు చచ్చిన బొద్దింకలు, ఎవరో ఎప్పుడో జారవిడిచిన స్క్రూ. పెట్టె గురించి నాకున్న అభిప్రాయం చిన్నది. అది దుమ్ముకు కాస్త అడ్డం, అంతే. ఈ మధ్య కొందరు దానికి రంగులు వేయించి, బొమ్మలు అంటించి, లోపల లైట్లు పెట్టుకుని ఫొటోలు తీసుకుంటున్నారని విన్నాను. చేయడానికి పని లేనివాళ్ళూ, చెప్పుకోవడానికి ముఖం లేనివాళ్ళూ అనుకున్నాను. ఆ జాబితాలో మావాడు చేరతాడనుకోలేదు.

శుక్రవారం సాయంత్రం ఒక పాత క్యాబినెట్‌ను చంటిపిల్లలా రెండు చేతులతో మోసుకుంటూ షాపుకు వచ్చాడు.

"అన్నయ్యా, దీనికి కిటికీ పెడదామనుకుంటున్నా."

"ఏం, గాలాడక చచ్చిపోతోందా?"

"పక్క రేకు కోసి, అద్దంలాంటి యాక్రిలిక్ పలక బిగిస్తారంట. లోపలంతా కనిపిస్తుంది. వీడియోలు చూశాను."

"పైన పటారం లోన లొటారం అని విన్నాం. ఆ లొటారానికి కిటికీ పెట్టినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

అతను పగలబడి నవ్వాడు. అదే అతనితో చిక్కు. నా వెటకారం పూర్తికాకముందే నవ్వుతాడు, తన మీద వేసిందైనా సరే. కత్తి దూస్తే, భలే మెరుస్తోందే అని చూసేవాడితో ఏం యుద్ధం చేస్తాం!

తర్వాత అసలు సంగతి చెప్పాడు. అది క్లినిక్ ముందు గదిలో, పేషెంట్లు కూర్చునేచోట ఉండే కంప్యూటరు. పసుపుపచ్చగా మారి అసహ్యంగా ఉందని డాక్టరు విసుక్కుంటే, తనే బాగుచేసి తెస్తానని ఇతను మాట ఇచ్చాడు. సోమవారం పొద్దున తలుపులు తీసేసరికి అది బల్ల మీద ఉండాలి. బాగుంటే అక్కడే ఉంచుతారు, బాగోకపోతే కొత్తది కొనేస్తారు.

"ఇన్నేళ్ళనుంచి వెనక గదిలోనే కదా అన్నయ్యా నేను. నా పళ్ళు పెట్టుకుని నవ్వేవాడు ఎవడైనా ఇవి ఫలానావాడు చేశాడని చెప్పుకుంటాడా? అసలు పెట్టుడు పళ్ళని కూడా ఒప్పుకోడు. ముందు గదిలో నాదంటూ ఒకటి ఉంటే బాగుంటుంది."

ఆ మాట నన్ను ఎక్కడో గుచ్చింది. గుచ్చిన చోటు చూసుకోవడం ఇష్టంలేక, తా దూర కంత లేదు గానీ మెడకో డోలు అన్నాను. దానికీ నవ్వాడు.

పని మాత్రం చెప్పాల్సినట్టే చెప్పాను. లోపల రంగు వేయాలంటే ముందు అన్నీ తీసేయాలన్నాను. నేనే మదర్‌బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు విప్పి ఒక అట్టపెట్టెలో సర్దాను. అప్పుడతను పక్క షాపులో రంగు డబ్బా కొనడానికి వెళ్ళాడు. ఏది ఎటువైపు బిగించి ఉందో అతను చూడలేదు.

ఆదివారం పొద్దున ఆ అట్టపెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వెనక వరండాలో పాత చాపలు పరిచి సామాను తీర్చి పెట్టాడు. పళ్ళు అరగదీసే చిన్న మోటారు, దానికి బిగించే సన్నని కోత చక్రాలు, ఆకురాళ్ళు, కళ్ళజోడు. పెట్టె లోపల ముదురు నీలం రంగు వేశాడు. ఎక్కడా ఒక చుక్క కారలేదు. తప్పు పట్టుకుందామని చాలాసేపు వెతికాను.

"వీడియోలో ఎడమవైపు రేకు కోయమన్నాడు అన్నయ్యా," అంటూ ఖాళీ పెట్టెను స్టూలు మీద తనకెదురుగా పెట్టుకున్నాడు. తన కుడిచేతి వైపున్న రేకు ఊడదీసి, టేపు అంటించి, స్కేలుతో గీతలు గీయడం మొదలుపెట్టాడు.

అది తప్పు రేకు. పెట్టెకు ఎదురుగా నిలబడితే మన ఎడమచేతి వైపున్న రేకు తీస్తేనే లోపలి సరంజామా కనిపిస్తుంది. కుడివైపు రేకు వెనక ఉండేది బోర్డు బిగించే ఇనప పలక, దాని వీపు. అతనెందుకు పొరబడ్డాడో కూడా నాకు క్షణంలో తెలిసిపోయింది. వాళ్ళ పనిలో ఎడమ అంటే నోరు తెరిచి కూర్చున్న ఎదుటి మనిషి ఎడమ. పెట్టెను కూడా పేషెంటులా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు పాపం.

"మొదలుపెట్టనా?" అన్నాడు నా వైపు చూసి.

"కానియ్," అన్నాను.

ఎందుకన్నానో ఆ రోజంతా ఆలోచించాను. అప్పుడు నాకు తోచిన కారణం, నేర్చుకునేవాడు తప్పు చేసి నేర్చుకోవాలని. ఇలాంటి గౌరవనీయమైన కారణాలు నా దగ్గర ఎప్పుడూ నిలవ ఉంటాయి. రెండో అవకాశం అతను డ్రిల్లు చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చింది. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటాడనుకున్నాను. మూలన మొదటి రంధ్రం పడ్డాక ఇక చెప్పాల్సిన అవసరం తీరిపోయింది. అంతవరకు ఊరుకోవడమే, ఆ రంధ్రంతో అది నేను చేసిన పని అయింది. తేలికగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆ తర్వాత చూడటమే మిగిలింది. చూడకుండా ఉంటే బాగుండేది. నిప్పురవ్వలు చాప మీద పడకుండా తడిగుడ్డ అడ్డం పెట్టి, గీత వెంబడి వెంట్రుకవాసి తేడా రాకుండా కోశాడు. ఒక చక్రం అరిగిపోతే ఇంకొకటి, అలా పదకొండు మార్చాడు. అంచులు ఆకురాయితో రుద్ది, వేలు పెట్టి చూసి, మళ్ళీ రుద్దాడు. చిగుళ్ళు కోసుకుపోకూడదు కదా, ఆ అలవాటు. నా చేతులు ఇరవై రెండేళ్ళలో అలాంటి పని ఒక్కటీ చేయలేదు. అవి విప్పుతాయి, బిగిస్తాయి. ఇంత పనితనం తప్పు రేకు మీద ఒలికిపోతుంటే నాకు కలిగింది జాలి అని చెప్పుకోవాలని ఉంది. కానీ అది సంతోషం.

అతను వరండాలో యాక్రిలిక్ పలక అంటిస్తుండగా, నేను పెట్టె తీసుకుని వాళ్ళింటి ముందు గదిలో కూర్చుని సామాను తిరిగి బిగించాను. అతను కొనితెచ్చిన లైటు పట్టీ కూడా వరసలో అంటించాను. పనిలో ఎక్కడా తప్పు చేయలేదు. నా మీద నింద రాకూడదు కదా. అతను కేక వేయగానే ఎడమ రేకు మూసేసి పెట్టెను వరండాలోకి తీసుకెళ్ళాను.

తన రేకు బిగించి, తీగ తగిలించి, మీట నొక్కాడు.

కిటికీలోంచి ఒక నీలంరంగు ఇనప పలక కనిపించింది. దాని మీద కుక్కిన తీగల ముడి. లైటు పలక అవతల వెలుగుతోంది. అంచుల సందుల్లోంచి కాస్త తెల్లదనం కారుతోంది, అంతే.

"ఫొటో తీయించుకోవడం కూడా రాదు దీనికి," అన్నాను. "వీపు చూపించి కూర్చుంది."

అతను నవ్వలేదు. మా పన్నెండేళ్ళ చుట్టరికంలో మొదటిసారి. పెట్టె వైపు చూడటం మానేసి నా వైపు చూశాడు.

"ఈ మాట ఇప్పుడు అనుకున్నదేనా అన్నయ్యా?"

"అంటే?"

"మీరు దేన్నయినా మొదటిసారి చూస్తే ముందు ఊఁ అంటారు. గడ్డం గోక్కుంటారు. ఆ తర్వాతే మాట వస్తుంది. నేను ఎన్నిసార్లు వినుంటాను!"

నా సంగతి నాకే అంత బాగా తెలియదు. మనుషుల మనసులు చదవడం నా ఒక్కడికే వచ్చనుకుంటూ, ఎదురుగా కూర్చున్నవాణ్ణి నవ్వే బొమ్మ అనుకున్నాను. అతను నవ్వుతూనే నా గడ్డం దాకా చదివేశాడు.

"ఎప్పుడు చూశారు? కోసేటప్పుడా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ నమ్మేవాడుంటేనే అబద్ధం పనికొస్తుంది.

"గీసేటప్పుడు," అన్నాను.

తల ఊపాడు. ఎదురుచూసిన జవాబే అన్నట్టు.

మా మరదలు టీ కప్పులతో వచ్చింది. కిటికీ వైపు చూసి, "ఇదేంటి, లైట్లన్నారు? రేకు కనిపిస్తోందే!" అంది.

"తప్పు వైపు కోశాను."

"అయ్యో! బావగారు ఇక్కడే ఉన్నారుగా, చెప్పలేదా?"

"ఆయన చూసుకోలేదులే," అన్నాడతను.

తిట్టి ఉంటే నేను కూడా నాలుగు అనేవాణ్ణి. బజారులో నలుగురి ముందు చెప్పుతో కొట్టినా ఇంత చులకన కాదు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. ఇంటికొచ్చిన ముసలాయన గ్లాసు జారవిడిస్తే, పోనీలే అని తుడిచేసినట్టు ఉంది.

యాక్రిలిక్ పలక ఊడబీకి పక్కన పెట్టాడు. రెండో రేకు తీసి టేపు అంటించడం మొదలుపెట్టాడు. గోడ గడియారం చూసి, సాయంత్రానికి అయిపోతుందిలే అన్నాడు తనలో తానే. మొదటి రేకు సంగతేమిటని మరదలు అడిగితే, ఆ వైపు గోడకి ఆనించి పెడతాను, ఎవరూ చూడరన్నాడు. గీతలు గీయడం అయ్యాక రేకును పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదేనా?" అన్నాడు భార్యతో.

"నాకేం తెలుసు? బావగారిని అడగండి."

"నిన్నే అడుగుతున్నా. సరిగ్గా చూసి చెప్పు."

ఆమె కప్పులు కింద పెట్టి, వంగి, పెట్టెలోకి ఒకసారి, రేకు వైపు ఒకసారి చూసింది. కంప్యూటరు ఆన్ చేయడం కూడా రాని మనిషి.

"ఇదే. ఇటు తీస్తేనేగా లోపల బోర్డు, లైట్లు అన్నీ కనిపిస్తున్నాయి."

"మళ్ళీ చూడు."

"ఇదేనయ్యా బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?"

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"అదే," అన్నాను నేను. అప్పటికే మోటారు తిరుగుతోంది.