శెనక్కాయ చేలో తలుపు

సాయంత్రం ఇంటి పనులు ముగించుకుని సిద్దమ్మ బడి అరుగు మీద యేసన్న సారు దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేది. నర్సు ట్రైనింగుకు పిలుపు వచ్చింది. అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే అడుగుతారట.

సారు చెప్పిన మాట అర్థంతో సహా నోటికి పట్టుబడితే అది ఊళ్ళోకి వచ్చేది. 'మిస్ట్' పట్టుబడిన పొద్దున శింగనమల బీళ్ళ మీద మంచు దిగింది. పక్కింటి నల్లమ్మ ఎండకు తాళలేని పాడి ఎనుమును తెచ్చి అందులో కట్టేసింది. 'హార్బర్' నేర్చిన నాడు ఎండిన చెరువులోంచి ఓడ కూత వినపడితే, "సారు పాఠం చెప్తాండాడు" అనుకున్నారు జనం.

ఆ కరువేడు సిద్దమ్మ తల్లి భద్రమ్మ దగ్గుతో మంచం పట్టింది.

"మీయమ్మకు ఎట్లుండాది?" అడిగినాడు సారు.

సిద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"దీన్నే 'ఎట్ డెత్స్ డోర్' అంటారు. చావు వాకిట్లో ఉండేది. నర్సుకు పనికొచ్చే మాట."

సిద్దమ్మ తల్లిని తలచుకుంటూ పలికింది. ఒక్కసారికే పట్టుబడింది.

మరుసటి మధ్యాహ్నం వాళ్ళ శెనక్కాయ చేలో తలుపు నిలబడి ఉంది. గోడ లేదు. ఓరగా తెరిచిన రెక్క, లోపల చీకటి, మండుటెండలో అందులోంచి చల్లగాలి. నల్లమ్మ ఎనుము వాసన చూస్తూ లోపలికి పోయింది, మళ్ళీ రాలేదు. ఇంట్లో భద్రమ్మ మంచం దిగి, చీర సర్దుకుని చేను దారి పట్టింది.

సిద్దమ్మ పరుగెత్తి ఆమె నడుం పట్టుకుంది. "యాడికి పోతాండావమ్మా?"

"మాయమ్మ పిలుస్తాండాది. ఇడువు పాపా."

ఎముకలగూడు లాంటి మనిషి కూతుర్ని సాళ్ళ వెంట ఈడ్చుకుపోతూ ఉంది. కేకలు విని సారు వచ్చాడు. రెక్క లాగితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది.

"దీన్ని మూసే మాట చెప్పు సారూ!"

"ఉండాదేమో. నాకు రాదమ్మా." చీకట్లోకి చెయ్యి పెట్టి తడిమాడు. "గడియ లోపలి పక్క ఉండాది. అమ్మను గట్టిగా పట్టుకో."

చెప్పులు విడిచి లోపలికి పోయి రెక్క లాక్కున్నాడు. గడియ పడిన చప్పుడు చేనంతా వినిపించింది.

భద్రమ్మ సాళ్ళ మధ్య కూలబడింది. "ఆకలైతాండాది," అంది. సిద్దమ్మ తల ఎత్తేసరికి ఎదురుగా ఎండిన శెనక్కాయ చెట్లే ఉన్నాయి.

సోమవారం బడిపిల్లలు పలకలు పట్టుకొచ్చి సిద్దమ్మ ఇంటి ముందర కూర్చున్నారు. ట్రైనింగుకు పోవలసిన బస్సు రోడ్డు మీద హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"ఈపొద్దు ఏం మాటక్కా?" అడిగారు పిల్లలు.

సిద్దమ్మ ఎండిన చేను వైపు చూసి, "లీఫ్," అంది.